తరగతి ర్యాంకు, కళాశాల సీటు: మన ఇళ్లలో తెలియవలసిన లెక్క

(కూకట్‌పల్లిలో విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా కొలువు చేసి పదవీ విరమణ పొందినవారము. ఇప్పుడు ఆదివారాల్లో మరి ఇద్దరు మిత్రులతో కలిసి మస్జిదు పక్క గదిలో కూర్చుని, పిల్లల దరఖాస్తులు నింపి పెడుతున్నాము. నేటి ప్రసంగం ఆ గదిలో పుట్టినదే.

ఒక ఆదివారం ఆటో నడిపే సోదరుడొకరు పదో తరగతి చదువుతున్న కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ అమ్మాయి చదివే ప్రైవేటు పాఠశాలలో నెలనెలా పరీక్ష పెట్టి, ర్యాంకులను బట్టి సెక్షన్లు మారుస్తారట. మొదటి సెక్షన్‌లో ఉన్న ఈ అమ్మాయిని మూడో సెక్షన్‌కు పంపారు. పేర్ల జాబితాను గోడకు అంటించారు. "సాబ్, క్లాసులో నలభై ఒకటో ర్యాంకు వచ్చిందంటే ఇక కాలేజీ సీటు రానట్టేనా?" అని తండ్రి అడిగాడు. అమ్మాయి తల వంచుకొని, "నన్ను చదువు మానిపించమని అబ్బాకు చెప్పండి చాచా, ఫీజు దండగ" అన్నది.

ఆనాడు ఆ బిడ్డకు చెప్పిన సమాధానమే నేడు మీకందరికీ విన్నవిస్తున్నాము.

మొదటి మాట. తరగతిలో వచ్చిన ర్యాంకును మన రాష్ట్రంలో ఏ కళాశాల ప్రవేశ దరఖాస్తులోనూ అడగరు. జీవితమంతా ఫారాలు చూసిన కళ్లు మావి. ఆ ర్యాంకు రాసే గడి మాకు ఎక్కడా కనిపించలేదు. పాఠశాల తన సౌకర్యం కోసం, తన ప్రకటనల కోసం వేసుకునే లెక్క అది. దానిని చూసి బిడ్డను చదువు మానిపించడం, ఇతరుల ఖాతా పుస్తకం చూసి మన ఇల్లు అమ్ముకోవడం వంటిది.

మరి లెక్కకు వచ్చేవి ఏవి? ఇంజనీరింగ్ సీట్ల కోసం ఎప్‌సెట్ ఉంది. ఈ పరీక్షను నిర్వహించేది మన కూకట్‌పల్లిలోనే ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం. పరీక్ష మొత్తం 160 మార్కులకు. పూర్వం ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా కాలంలో దానిని నిలిపివేశారు, 2023లో శాశ్వతంగా తొలగించారు. నేడు ఎప్‌సెట్ ర్యాంకు ఆ ఒక్క పరీక్షతోనే నిర్ణయమవుతుంది. అంతమాత్రాన ఇంటర్ మార్కులను విస్మరించరాదు. ఇంజనీరింగ్ ప్రవేశానికి గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాల వారికి 40 శాతం మార్కులు ఉండాలి. జేఈఈ ద్వారా ఎన్‌ఐటీల్లో, ఐఐటీల్లో చేరదలచిన జనరల్, ఓబీసీ విద్యార్థులకు పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా బోర్డులో అగ్రశ్రేణి 20 పర్సంటైల్‌లోనైనా నిలవాలి. వైద్యవిద్యకు నీట్ తప్ప వేరే ద్వారం లేదు. బీఏ, బీకాం, బీఎస్సీ వంటి డిగ్రీ కోర్సులకు 2016 నుంచి 'దోస్త్' ద్వారా ఇంటర్ మార్కుల ఆధారంగా సీట్లు ఇస్తున్నారు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవారు, ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చును. ఈ ద్వారాల్లో ఒకటి మూసుకున్నంత మాత్రాన మిగిలినవి మూసుకోవు.

తరగతి ర్యాంకుకు నిజంగా విలువనిచ్చిన చోటు ఒకటి చెబుతాము. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 1997లో ఒక చట్టం చేసింది. ఏ ఉన్నత పాఠశాలలోనైనా తన తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రవేశం హామీ. పేదల వాడలోని బడి అయినా, ధనికుల వాడలోని బడి అయినా నియమం ఒక్కటే. తన పరిస్థితులలో తాను ముందు నిలిచిన బిడ్డను గుర్తించడమే అందులోని భావం. మన వద్ద 2008లో నెలకొల్పిన బాసర ట్రిపుల్ ఐటీలో ఆ ఛాయ కొంత కనిపిస్తుంది. అక్కడ ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి ఫలితాలే ఆధారం. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు గ్రేడు పాయింట్లలో 0.4 అదనంగా కలిపే పద్ధతి అక్కడ ఏళ్ల తరబడి సాగింది. అక్కడ తరగతిలోని స్థానం బీద బిడ్డకు ద్వారం తెరిచింది. మన వీధుల్లోని పాఠశాలల్లో అదే స్థానం బిడ్డను వెనుక గదికి పంపుతున్నది. తేడా గమనించండి.

రెండో మాట. ప్రవేశ పరీక్షలో వచ్చే ర్యాంకు మాత్రం మన ఇంటి జేబును తాకుతుంది. ప్రైవేటు విద్యాసంస్థల్లో చదివి వచ్చిన బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే ప్రభుత్వం పూర్తి ఫీజు చెల్లించడం, అది దాటితే ఏడాదికి 35,000 రూపాయలు మాత్రమే చెల్లించడం చాలా ఏళ్లుగా ఉన్న నియమం. నగరంలో ఏడాదికి లక్ష దాటిన కళాశాలలు ఉన్నాయి. ఫీజు సరిగ్గా లక్ష అనుకుందాము. 9,990 ర్యాంకు వచ్చిన బిడ్డ తండ్రికి ఫీజు భారం లేదు. 10,010 వచ్చిన బిడ్డ తండ్రి ఏటా 65,000, నాలుగేళ్లకు 2,60,000 రూపాయలు కట్టుకోవాలి. ఆ ఇద్దరు పిల్లల తెలివిలో తేడా ఎంత? ఒక్క ప్రశ్న కూడా కాకపోవచ్చు. హైటెక్ సిటీకి క్యాబు నడిపే ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న తల్లి మెడలోని గొలుసును తాకట్టుకు పంపుతుంది. ఈ నియమం న్యాయమైనదేనా అని ప్రభుత్వాన్ని అడగవలసిన బాధ్యత మన సంఘాల మీద ఉన్నది. అది మారేవరకు, కళాశాల పేరు చూసి కాక, ఫీజులో మన వాటా ఎంతో చూసి ఆప్షన్లు పెట్టుకోవాలి.

మూడో మాట రిజర్వేషన్ గురించి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఉన్నది. హైకోర్టు దానిని కొట్టివేయగా, 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా కొనసాగుతున్నది. దూదేకుల సోదరులు బీసీ-బీలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు బీసీ-ఈలోకి రావు. వారిలో ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం, ఇతర అర్హతలు ఉన్నవారు ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం తీసుకోవచ్చును. ఈ సంగతి తెలియని ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ప్రతి వర్గంలోనూ మూడింట ఒక వంతు సీట్లు బాలికలవి. "మనవి నాలుగే సీట్లు" అనే మాట కూడా పొరపాటు. మంచి ర్యాంకు వచ్చిన బిడ్డ ముందు ఓపెన్ సీటుకే పోటీ పడుతుంది. ఆ నాలుగు శాతం దాని తర్వాతి అండ.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక అబ్బాయి పదో తరగతి మెమోలో 'మొహమ్మద్' అని పూర్తిగా, ఆధార్‌లో 'ఎండీ' అని పొట్టిగా ఉన్నది. "చిన్న విషయమే, సర్దుకుంటుంది" అని మేమే ధైర్యం చెప్పాము. సర్దుకోలేదు. కుల ధ్రువపత్రం చేతికి వచ్చేసరికి కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రాల పరిశీలన ముగిసింది. ఓపెన్ కోటాలో దూరపు కళాశాలలో సీటు వచ్చింది, చేరలేకపోయాడు. ఇప్పుడు మూసాపేటలో మొబైల్ దుకాణంలో పనిచేస్తున్నాడు. కనిపిస్తే సలాం చేస్తాడు. మాకే తల ఎత్తబుద్ధి కాదు. కాగితాల మధ్య బతికిన మాకే ఆ పొరపాటు జరిగితే, ఇక ఇతరుల మాట చెప్పాలా? అందుకే పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే పేర్లు సరిచూడండి. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏటిదే తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పట్టణాల్లో రెండు లక్షలు, గ్రామాల్లో లక్షన్నర ఆదాయ పరిమితి అని గుర్తుంచుకోండి.

చివరి మాట పిల్లల మనసు గురించి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని తండ్రి న్యాయస్థానానికి వెళ్లారు. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు బ్యాచ్‌లుగా విడదీయరాదని, అందరిముందు అవమానించరాదని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదని అందులో ఉన్నది. కనుక గోడకు జాబితా అంటించిన పాఠశాలకు వెళ్లి ప్రశ్నించే హక్కు మీకున్నది. ఒక్కరు వెళితే మాట వినకపోవచ్చు, పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. నకలు మీ వద్ద ఉంచుకోండి. ఇంట్లో మనమే ఆ జాబితాను మళ్లీ చదవకూడదు. "పక్కింటి అబ్బాయికి ఎంత వచ్చింది?" అనే ప్రశ్నను దస్తర్‌ఖాన్ దగ్గర అడగడం మానుకుందాము. బిడ్డ మౌనంగా మారితే, నిద్ర, తిండి తప్పితే, 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, ఉచితం. అడగడంలో నామోషీ లేదు.

ఆ ఆటో సోదరుడి కుమార్తె సంగతి అడుగుతారేమో. మరి ఆరుగురు తండ్రులతో కలిసి ఆయన పాఠశాలకు వెళ్లాడు. సెక్షన్లు మారలేదు గాని, గోడ మీది జాబితా పోయింది. అమ్మాయి పదో తరగతి పూర్తిచేసి, పాలిసెట్ రాసి, ఇప్పుడు డిప్లొమా చదువుతున్నది. ఈసెట్‌లో ఏ ర్యాంకు వస్తుందో అల్లాహ్‌కే ఎరుక. గత ఆదివారం మా గదికి వచ్చి, తన తమ్ముడి దరఖాస్తును తానే నింపుకొని వెళ్లింది. పేరులోని అక్షరాలు రెండుసార్లు సరిచూసింది.

ఆ గది ప్రతి ఆదివారం జొహర్ నమాజు తర్వాత తెరిచి ఉంటుంది. కాగితాలు తీసుకొని రండి. బిడ్డలనూ వెంటబెట్టుకొని రండి.