చిన్న బొక్కే కదా!

ఈమధ్య మాటల్లో పాత ట్రైలర్ కొన్నానని నోరు జారాను. అంతే, ఈ వారం దాని మీదే మాట్లాడాలని మన రేడియో మిత్రులు పట్టుకున్నారు.

మాది 1972 నాటి ఎయిర్‌స్ట్రీమ్. హైవే మీద వెండి గుడ్డులా మెరుస్తూ పోతుంటుందే, అదే. ఈ కంపెనీకి మా ఒహాయోలోనే జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో 1952 నుంచీ ఫ్యాక్టరీ ఉంది. 1969లో చంద్రుడి దగ్గర్నుంచి తిరిగొచ్చిన ముగ్గురినీ క్వారంటైన్‌లో ఉంచింది కూడా వీళ్ళ ట్రైలర్‌నే మార్చి కట్టిన దాంట్లో. ఇవన్నీ చెప్పి మా ఆవిడని ఒప్పించాను లెండి.

కొన్నాక చూస్తే ఒంటినిండా బొక్కలు! ఎవరో ఎప్పుడో పీకేసిన యాంటెన్నావి కొన్ని, స్టీలు స్క్రూలు బిగించిన చోట తెల్లటి పొడి రాలుతూ కొన్ని. స్టీలూ అల్యూమినియమూ తడిలో కలిసి ఉంటే అరిగిపోయేది అల్యూమినియమే. పెన్సిలంత బొక్కలే కదా అని సిలికాన్ ట్యూబు కొనుక్కొచ్చి అరగంటలో అన్నీ పూడ్చేశాను. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాటి వసంతంలో వెనక మూల కాలు పెడితే నేల దిగింది. ప్లైవుడ్ టీలో ముంచిన బిస్కెట్‌లా ఉంది. దీనికి గోడ రెండు రేకులండీ, మధ్యలో ఫైబర్‌గ్లాస్. బయటి రేకులోంచి దూరిన నీళ్ళు లోపలికి కనబడకుండా జారి, సరాసరి నేల అంచులో చేరతాయి. ఆ వేసవంతా నేల మార్చడంతోనే సరిపోయింది. మా అమ్మాయికి మాటిచ్చిన ప్రయాణం పోయింది. అది వారం రోజులు నాతో మాట్లాడలేదు.

సిలికాన్ తీయడం ఇంకో నరకం. దాని మీద ఇంకేదీ సరిగ్గా అంటుకోదు. ప్లాస్టిక్ బద్దతో రెండు శనివారాలు గీకాను.

తెనాలిలో మా అమ్మమ్మగారి వీధిలోకి బిందెలకి మాట్లు వేసే ఆయన వచ్చేవాడు. లోపల దాపు పెట్టి బయట్నుంచి కొట్టేవాడు. ఇక్కడ లోపలి రేకు అడ్డం కనక వెనక దాపు పెట్టే వీలు లేదు. అందుకని బయట్నుంచే బిగుసుకునే రివెట్లు వాడాలి. మామూలు పాప్ రివెట్‌కి నడుమ సందుంటుంది, మళ్ళీ కారుతుంది. ఒలింపిక్ రివెట్ అని ఉంది, వెనక మూడు కాళ్ళు విచ్చుకుని పట్టుకుంటుంది. తల నున్నగా చెక్కేస్తే పాతవాటిలో కలిసిపోతుంది. కాడకి పాలీయురెథేన్ సీలెంట్ రాసి మరీ దించాలి. నేను వాడింది 5/32 అంగుళం సైజు. డ్రిల్ బిట్‌కి టేపు చుట్టుకోండి, ఎక్కువ లోతు దిగకుండా. వెనక కరెంటు తీగలుంటాయి.

రివెట్ పట్టనంత పెద్ద బొక్కకి మాత్రం అదే జాతి రేకు ముక్క, మూలలు గుండ్రంగా కోసి, కింద సీలెంట్ పూసి చుట్టూ రివెట్లు వేశాను. అతుకు కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

తర్వాత గొట్టంతో కింద నుంచి పైకి, కొంచెం కొంచెంగా నీళ్ళు కొట్టి చూశాను. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తెలీదు.

ఈ జులైలో బయల్దేరుతున్నాం. వాన పడితే ముందు ఆ వెనక మూల తడిమి చూడాలని మా అమ్మాయి ఇప్పట్నుంచే షరతు పెట్టింది. ఉంటానండీ.