చల్లదనమునకు తూనిక

(మా పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు లేచి నిలుచున్నచో ఫలితముల పట్టిక చదువునని అందరును ఎదురుచూతురు. ఆ పట్టిక నివేదికలో అచ్చయి మీ చేతులలోనే యున్నది. దానిని మరల చదివి మీ కాలమును హరింపము. నేడు మేము ఒక యంత్రభాగమును గూర్చియు, దాని వేడిమిని మన పిల్లలు కొలిచిన విధమును గూర్చియు మనవి చేయదలచితిమి. ఆ యంత్రభాగము పేరు గ్రాఫిక్స్ కార్డు. ఈ సభలోని తల్లులలో పెక్కుమందికి ఆ పేరు ఇంట వినబడియే యుండును. దాని ధరయు వినబడి యుండును.

గత ఏప్రిల్ మాసమున, పరీక్షలు ముగిసిన పిదప, పై తరగతి విద్యార్థి యొకని తండ్రిగారు ఒక అట్టపెట్టెను చంకనిడుకొని మా గదికి వచ్చిరి. వారు సిప్‌కాట్‌లోని ఒక కర్మాగారమున పనిచేయువారు. కుమారుడు బొమ్మలను కదలించు చిత్రకళ నేర్చుకొనుచున్నాడు. దానికి ఈ కార్డు కావలెనని పట్టుబట్టినాడు. తండ్రిగారు బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి, ఒక అంగడిలో రెండు నెలల జీతము ధారపోసి దానిని తెచ్చిరి. అదే చిప్పుగల మామూలు కార్డు తక్కువ ధరకే దొరకునట. కాని దీనికి మూడు ఫ్యానులున్నవనియు, ఇది మామూలుదానికంటె ఇరువది డిగ్రీలు చల్లగా నుండుననియు అంగడివారు చెప్పిరట. ఎనిమిది దినములలోగా తిరిగి ఇచ్చినచో డబ్బు వాపసు చేయుదురు. "ఉంచుకొనమందురా, ఇచ్చివేయమందురా, అయ్యవారూ?" అని వారు అడిగిరి.

అభిప్రాయము చెప్పుట సులభము. కాని రెండు నెలల జీతమునకు అభిప్రాయము చాలదు. కొలిచి చూతమంటిమి.

ముందుగా ఈ వస్తువు చేయు పని యేమో రెండు మాటలలో చెప్పుదుము. కంప్యూటరు తెర చుక్కల ముగ్గు వంటిది. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించిన ఇరువది లక్షలు దాటును. కదలు బొమ్మ చూపవలెనన్న అన్ని చుక్కలకును రంగు నిర్ణయించి, సెకనుకు అరువది మారులు ముగ్గు చెరిపి మరల వేయవలెను. ఆ చాకిరి చేయునది ఈ కార్డులోని చిప్పు. అది తీసికొను విద్యుత్తంతయు తుదకు వేడిగానే మారును. 2013 అక్టోబరులో ఏ.ఎం.డి. సంస్థవారు వెలువరించిన ఆర్9 290ఎక్స్ అను కార్డులోని చిప్పు వైశాల్యము 438 చదరపు మిల్లీమీటర్లు. అనగా ఒక తపాలా బిళ్లయంత. కార్డు పూర్తిగా శ్రమించునప్పుడు పుట్టు వేడిమిలో అధిక భాగము ఆ తపాలా బిళ్ల నుండియే వెలికి రావలెను. మన చిన్ననాటి అరువది వాట్ల బల్బులు నాలుగైదింటిని ఒక బిళ్లపై కుప్పవేసినట్లు ఊహించుకొనుడు.

ఆ వేడిని లాగివేయుటకు చిప్పుపై ఒక పేస్టు పూసి, దానిపై రాగి గొట్టములను, పలుచని అల్యూమినియము రెక్కల దిమ్మను, ఆపై ఫ్యానులను అమర్చుదురు. ఆ రాగి గొట్టములలో ఏమున్నదని పిల్లలు అడిగిరి. మన ఇంటి ఇడ్లీ పాత్రలో జరుగునదే అందులోను జరుగుచున్నది. అడుగున నీరు ఆవిరియై పైకి పోయి, మూతకు తగిలి, తన వేడిని మూతకిచ్చి, మరల బొట్లుగా క్రిందికి రాలును. గొట్టములోని గాలిని తీసివేసి కొద్దిపాటి ద్రవమును నింపి మూసివైతురు. గాలి లేనందున అది తక్కువ వేడికే ఆవిరియగును. చిప్పు చెంత ఆవిరియై, రెక్కల చెంత చల్లబడి, లోపలి వత్తి వంటి పొర ద్వారా మరల వెనుకకు చేరును. ఇది చెప్పినప్పుడు ఆడపిల్లలు మగపిల్లలకంటె త్వరగా గ్రహించిరి. కారణము మీకు తెలిసినదే.

ఇక పోల్చుటను గూర్చి. చిప్పును రూపొందించిన సంస్థ దానితోపాటు ఒక కార్డు నమూనాను తానే తయారుచేయుట వాడుక. దానిని ప్రమాణ నమూనా అందుము. తక్కిన తయారీదారులు అదే చిప్పును కొని, తమ సొంత రెక్కలను, ఫ్యానులను తగిలించి అమ్ముదురు. ప్రమాణ నమూనా ఉత్తమమైనదని భ్రమపడరాదు; అది కొలబద్ద మాత్రమే. 290ఎక్స్ సంగతియే చూడుడు. దాని ప్రమాణ నమూనా 95 డిగ్రీల వరకు వేడెక్కుటకే రూపొందినదని తయారీదారులే చెప్పిరి. ఆ హద్దు చేరగానే చిప్పు తన వేగమును తగ్గించుకొనుచు వచ్చెను. ఫ్యాను చప్పుడును గూర్చి కొన్నవారు మొరపెట్టుకొనిరి. ఆ సంవత్సరాంతమునకు ఇతర సంస్థలు మెరుగైన ఫ్యానులతో అదే చిప్పును అమ్మగా, అది చల్లగాను నిశ్శబ్దముగాను పనిచేసెను. చిప్పు మారలేదు; దానిపై కప్పినది మారినది.

ఈ విద్యలో తెలుగువారి పాత్రయు లేకపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన రాజా కోడూరిగారు 2015లో ఏ.ఎం.డి. సంస్థ గ్రాఫిక్స్ విభాగమునకు నాయకులైరి. వారి నాయకత్వమున 2017 ఆగస్టులో వేగా 64 అను కార్డు వెలువడినది. ఒకే చిప్పును గాలితో చల్లబరచు కార్డుగాను, నీటితో చల్లబరచు కార్డుగాను అమ్మిరి. గాలి కార్డునకు 295 వాట్లు, నీటి కార్డునకు 345 వాట్లు హద్దుగా నిర్ణయించిరి. వేడిని త్వరగా పోగొట్టగలిగిన కొలది చిప్పుచేత ఎక్కువ పని చేయించుకొనవచ్చునని ఈ అంకెలే చెప్పుచున్నవి. మన తెలుగు మాధ్యమ విద్యార్థులు ఆ పేరును కార్డుల చరిత్రలో చదివి, "మనవారేనా, సార్?" అని రెండుమార్లు అడిగిరి.

మన పరీక్షకు వత్తము. అదృష్టవశమున, సంఘమువారు పాఠశాలకు సమకూర్చిన కంప్యూటరులో అదే చిప్పుగల ప్రమాణ నమూనా కార్డు ఉండెను. కొలబద్ద ఇంటనే దొరకినది. మొదటి దినమున మేము కావలెననియే ఒక అన్యాయపు పరీక్ష చేయించితిమి. రెండు కార్డుల ఫ్యానులను స్థిరమైన వేగమున నిలిపి, కొత్త కార్డును ఉదయము ఏడు గంటలకు, పాత కార్డును మధ్యాహ్నము రెండు గంటలకు నడిపించితిమి. తేడా ఇంచుమించు ఇరువది డిగ్రీలు వచ్చెను! పిల్లలు చప్పట్లు కొట్టిరి; అంగడివారి మాట నిజమనిరి. అప్పుడు గోడకు వ్రేలాడు ఉష్ణమాపకమును చూడుడంటిమి. ఉదయమునకు మధ్యాహ్నమునకు గదిలోనే తొమ్మిది డిగ్రీల వ్యత్యాసముండెను. గది ఎంత వేడెక్కినచో కార్డు ఇంచుమించు అంత వేడెక్కును. కావున కార్డు డిగ్రీలను మాత్రమే వ్రాయక, గదికంటె ఎన్ని డిగ్రీలు హెచ్చో వ్రాయవలెను. లేనిచో హోసూరులో కొలిచిన కార్డునకు మంచి పేరును, ఎండ 45 డిగ్రీలను తాకు విజయవాడలో కొలిచిన దానికి చెడ్డపేరును వచ్చును. ఘాటు దిగి కృష్ణగిరికి పోయినను ఈ తేడా కనబడును.

ఎత్తును గూర్చియు ఒక మాట. మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇక్కడి గాలి సముద్రతీరపు గాలికంటె నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లు పలుచన. ఫ్యాను అంతే తిరిగినను అది మోసికొనిపోవు గాలి బరువు తక్కువ, కావున వేడియు కొంత తక్కువగానే పోవును. చెన్నపట్టణమున కొలిచిన అంకెను తెచ్చి జూజువాడి అంకె ప్రక్కన నిలుపరాదు. ఈ మాట విని, ఒక తల్లిగారు, "అయితే మా పిల్లవాని మార్కులను బెంగుళూరు పిల్లల మార్కులతో పోల్చరాదు కదా?" అనిరి. మేము నవ్వి ఊరకుంటిమి.

రెండవ దినమున సరియైన పరీక్ష జరిగినది. ఒకే గది, ఒకే వేళ, ఒకే కంప్యూటరు, ఒకే బొమ్మలను గీయు పని. ప్రతి కార్డును అరగంటసేపు నడిపించి, అంకె ఇక పెరుగక నిలిచిన పిదపనే వ్రాసితిమి. మొదటి అయిదు నిమిషముల అంకెను నమ్మరాదు. అన్నము ఉడికినదో లేదో పొంగు రాకముందే చెప్పరాదు కదా. పెట్టె మూత తీసి కొలిచినప్పుడు కొత్త కార్డు పది పండ్రెండు డిగ్రీలు చల్లగా నుండెను. మూత బిగించి కొలిచినప్పుడు ఆ తేడా ఏడెనిమిది డిగ్రీలకు దిగెను.

ఇది ఏల? పిల్లలలో ఒకడు తన చేతిని పెట్టె వెనుక నుంచి కనుగొనెను. ప్రమాణ నమూనా కార్డునకు ఒకే ఫ్యాను. అది వేడిగాలిని పెట్టె వెనుక భాగమునుండి బయటకు ఊదివేయును. మూడు ఫ్యానుల కార్డు వేడిగాలిని పెట్టెలోనే నలుదిక్కులకు చిమ్మును. మూత బిగించినచో ఆ గాలినే మరల పీల్చుకొనును. వంటయింటి పొగగొట్టమునకును, విసనకఱ్ఱకును గల భేదమే ఇది. ఎన్విడియా సంస్థవారు సైతము 2018 సెప్టెంబరులో తమ సొంత నమూనాలకు ఒక ఊదు ఫ్యానును విడిచి రెండు ఫ్యానులను అమర్చిరి. విసనకఱ్ఱ పక్షమే గెలిచినదని చెప్పవలెను. అయినను పెట్టెలోనికి గాలి వచ్చుపోవు దారి లేనిచో ఆ గెలుపు సగమే. ఆ పెట్టె ముందరి జాలికి పట్టిన ఎఱ్ఱదుమ్మును, రహదారి ప్రక్కన నున్న మనకు అది తప్పనిది, బ్రష్షుతో దులుపగా రెండు కార్డులును మరి రెండు డిగ్రీలు దిగినవి. ఆ రెండు డిగ్రీలకు పైకము అక్కరలేదు.

సూక్ష్మబుద్ధిగల ఒక బాలిక ఇంకొక ప్రశ్న వేసెను: "రెండు చిప్పులును ఒకటేయని ఎట్లు నమ్మవచ్చును?" మంచి ప్రశ్న. ఒకే పేరుగల చిప్పులలోను కొన్ని ఎక్కువ విద్యుత్తు త్రాగును, కొన్ని తక్కువ. నిక్కముగా రెక్కల దిమ్మలనే పోల్చవలెనన్నచో ఒకే చిప్పుపై రెంటిని మార్చి మార్చి తగిలించి చూడవలెను. కాని తిరిగి ఇవ్వవలసి రాగల కార్డును మేము విప్పలేము. ఆ హద్దును పిల్లలు తమ నివేదికలో వ్రాసినారు. నివేదిక అంతయు తెలుగుననే వ్రాయబడినది. కూలరు, ఫ్యాను, చిప్పు అను మాటలను మార్చవద్దని మేమే చెప్పితిమి. చల్లార్పకమని ఒకడు, శీతలకమని ఒకడు వ్రాయగా, చదువు తల్లులకు ఏదియు తెలియకపోవునని భయపడితిమి.

మరి చల్లబడినందున వేగము పెరిగినదా? పెరిగినది, కాని అత్యల్పముగా. బొమ్మలు గీయు కాలములో కంటికి కనబడునంత భేదము లేదు. ఇంతవరకు విన్న తండ్రిగారు ముఖము చిన్నబుచ్చుకొనిరి. అంగడివారు చెప్పిన ఇరువది డిగ్రీలు లేవు, వేగమునందును చెప్పుకొనదగిన లాభము లేదు. కార్డును పెట్టెలో సర్దనారంభించిరి.

చివరి పరీక్ష మిగిలియున్నదని మేము ఆపితిమి. అంతవరకు ఫ్యానుల వేగమును నిలిపి డిగ్రీలను కొలిచితిమి. ఇప్పుడు డిగ్రీలను నిలిపి చప్పుడును కొలువవలెను. కొత్త కార్డు ఫ్యానులను మెల్లమెల్లగా తగ్గించుచు, అది పాత కార్డంత వేడెక్కువరకు పోనిచ్చితిమి. చప్పుడును కొలుచుటకు ఒకే ఫోనును, బల్లపై సుద్దతో గీసిన ఒకే గుర్తుపై నుంచితిమి. ఫోను చూపు డెసిబెల్ అంకె నిక్కమైనది కాకపోవచ్చును. రెంటికిని అదే ఫోను కావున పోలికకు చాలును. పది డెసిబెల్‌లు తగ్గినచో చెవికి చప్పుడు సగమైనట్లు తోచునని పాఠములో చెప్పుకొన్నదే. ఫోను అంకె అటుండగా, పాత కార్డు ఊదు చప్పుడు వరండాలోనికి వినబడెను. కొత్తది గది గుమ్మము దాటలేదు.

తండ్రిగారు గుమ్మమున నిలిచి, కొంతసేపు చెవియొగ్గి వినిరి. పిదప, "మాది ఒకటే గది, అయ్యవారూ. పాప వచ్చే ఏడు పదవ తరగతి. రాత్రిళ్లు అక్కడే చదువుకొనును," అని, సర్దిన కార్డును మరల బయటకు తీసిరి.

ఆ కార్డు వారి ఇంటనే యున్నది. పెట్టెలో గాలి దారికై ఇంకొక చిన్న ఫ్యాను తగిలించుకొనిరి. నెలకొకసారి జాలి దులుపు పని పాపకు అప్పగింపబడినదట. పిల్లలు వ్రాసిన కొలతల పుస్తకమును ద్వారము చెంతనున్న బల్లపై ఉంచితిమి. ఇట్టి కొనుగోలు తలపెట్టినవారు సభ ముగిసిన పిదప దానిని చూడవచ్చును. పాఠశాలలోని ప్రమాణ నమూనా కార్డును పోలికకు ఉపయోగించుకొనదలచినవారు, తాము కొన్న వస్తువును వాపసు ఇచ్చు గడువు దాటకముందే తీసికొని రావలెనని ప్రార్థించుచున్నాము.