నేలలో, నీళ్లలో, స్కానింగ్‌లో రేడియేషన్: మనం ఏం అడగాలి?

(వరంగల్‌లో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లో సెల్ టవర్ వేస్తామంటే రేడియేషన్ వస్తుందని అడ్డుకుంటున్నాం. అడగడం మన హక్కే. కానీ రేడియేషన్లన్నీ ఒకటి కావు. టవర్ తరంగాలకు అణువులను చీల్చే శక్తి లేదు. అయినా 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో వాటి పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. దాన్ని అమలు చేయమని అడుగుదాం.

శరీర కణాలను దెబ్బతీసే రకం వేరు. అది మన కాళ్ల కిందే ఉంది. మనది గ్రానైట్ నేల. గ్రానైట్‌లో సహజంగానే కొంత యురేనియం ఉంటుంది. దాని నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. గాలి ఆడని గదిలో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్య కారణాల్లో ఇదొకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీడీ తాగేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. కిటికీ తీసి పెట్టడానికి పైసా ఖర్చు లేదు, తీసి పెడదాం.

ఆ యురేనియమే బోరునీళ్లలో కరిగి రావచ్చు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని అదే సంస్థ ప్రమాణం. దాటితే మొదట దెబ్బతినేవి కిడ్నీలు. మరగబెట్టినా పోదు, రుచిలో తెలియదు. పరీక్ష ఒక్కటే దారి.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం వ్యర్థాల చెరువు వల్ల బోర్లు, అరటితోటలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. కంపెనీ కాదంటోంది. నల్లమలలో మాత్రం జనం ముందే కదిలారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అక్కడ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడిగితేనే దక్కుతుంది.

ఇక ఆసుపత్రి. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రేతో 0.1 వరకు, కడుపు సీటీ స్కాన్‌తో దాదాపు 8. అంటే మూడేళ్ల పైచిలుకు మోతాదు ఒక్కసారే! అవసరమైన స్కాన్ ప్రాణం నిలుపుతుంది, వద్దనకూడదు. కానీ "ఇది తప్పనిసరా? అల్ట్రాసౌండ్ సరిపోదా?" అని అడుగుదాం. పాత రిపోర్టులు దాచుకుని చూపిద్దాం. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎక్స్‌రే, సీటీ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. అదీ అడుగుదాం.

మన డిమాండ్ ఒక్కటే: ప్రతి ఊరి తాగునీటి బోరుకూ ఫ్లోరైడ్‌తో పాటు యురేనియం పరీక్ష ఉచితంగా చేయాలి, ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయాలి. వచ్చే గ్రామసభలోనే ఈ తీర్మానం పెడదాం.