కడుపు చిన్నదైన పిమ్మట కాఫీ

బొగ్గుగనుల పట్టణమొకదానిలో మాకు పరిచితురాలగు ఉపాధ్యాయిని ఒకరున్నారు. స్థూలకాయముచేత మోకాళ్లు పట్టివేసి, మధుమేహము ముదిరి, తుదకు హైదరాబాదునకు పోయి బరువు తగ్గించు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిరి. చికిత్స జరిగిన నాలుగవనాడు మేము పలుకరింపబోయితిమి. ఆమె తల పట్టుకొని గోడకానుకొని కూర్చుండిరి. కోత పెట్టినచోట నొప్పి అంతగా లేదట. నుదురు మాత్రము పగిలిపోవుచున్నదట. ప్రక్కనే మేనత్తగారు గ్లాసు చేతబట్టుకొని, "జరంత కాఫీ తాగు బిడ్డా, గుక్కెడు కాఫీకి ఏమైతది?" అని బ్రతిమాలుచున్నారు. కాఫీ వద్దన్నచో అలమరలో వెనుకటి మోకాలినొప్పి మాత్రలు ఉండనే ఉన్నవి, ఒకటి మింగుమని మరొకరి సలహా.

ఆ గదిలోనివారందరును ఆమె మేలు కోరినవారే. అయినను ఆ సలహాలలో మొదటిది తొందరపాటు, రెండవది ప్రమాదము.

ముందు తలనొప్పి సంగతి చెప్పుకొందము. మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములు ప్రధానముగా చాయ త్రాగు ప్రాంతములే. అయినను ఉద్యోగుల ఇండ్లలో కాఫీయు స్థిరపడినది. ఈ ఉపాధ్యాయినిగారు ఇరువది ఏండ్లుగా దినమునకు ఐదు కప్పులు త్రాగినవారు. శస్త్రచికిత్సనాడు అది ఒక్కసారిగా నిలిచిపోయినది. కాఫీలోని కెఫీనుకు అలవాటుపడిన శరీరము, అది అందని 12 మొదలు 24 గంటలలో తలనొప్పితో, విసుగుతో, మగతతో తన అలుక తెలుపును. ఈ అలుక రెండు దినములలో తీరవచ్చును, తొమ్మిది దినములవరకు సాగవచ్చును. దీనిని శస్త్రచికిత్స వికటించినదని భ్రమపడి కంగారుపడువారు కలరు. చికిత్సకు రెండు మూడు వారములు ముందునుండియే ఐదు కప్పులను నాలుగు, నాలుగింటిని మూడు చేయుచు వచ్చినచో ఈ బాధ చాలవరకు తప్పును. చాయకును ఇదే మాట.

ఇక ఆ మాత్రల సంగతి. అధికబరువుచేత మోకాళ్లు నొచ్చువారు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలకు ఏండ్ల తరబడి అలవాటుపడియుందురు. ఇవి కడుపు లోపలి రక్షణపొరను బలహీనపరచును. బైపాస్ అను శస్త్రచికిత్సలో కడుపును చిన్నప్రేగునకు క్రొత్తగా కలిపి కుట్టుదురు. ఆ కలిపినచోట పుండు పడుటకు ముఖ్యకారణములలో ఈ మాత్రలు ఒకటి, బీడీ సిగరెట్లు మరొకటి. పుండు రక్తము కార్చును. ఒక్కొక్కప్పుడు రంధ్రము పడి ప్రాణముమీదికి తెచ్చును. కాఫీ మానిన తలనొప్పికి అట్టి మాత్ర మింగుట ఎంతటి పొరపాటో ఊహింపుడు. ఆనాడు మేము ఆ మాత్రలను అలమరనుండి తీయించి, ఆమెకు చికిత్స చేసిన వైద్యునికి టెలిఫోను చేయించితిమి. ఆయన పారాసిటమాల్ చాలునని చెప్పిరి.

ఇంతకును ఈ శస్త్రచికిత్సలో జరుగునదేమి? 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు మేసన్ అను శస్త్రవైద్యుడు మొదటి బైపాస్ జరిపెను. నేటి పద్ధతిలో కడుపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్నసంచిని వేరుచేసి, ప్రేగులో కొంత దూరము దాటవేసి కలుపుదురు. స్లీవ్ అను రెండవ పద్ధతిలో కడుపులో ఇంచుమించు ముప్పాతికభాగము, లేక అంతకు కొంచెము ఎక్కువ, తీసివేసి అరటికాయవంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. అందు 100 మొదలు 150 మిల్లీలీటర్లు పట్టును. మన ఇండ్లలోని కాఫీ గ్లాసెడు కూడ అంతే కదా!

కుట్లు మానువరకు దినమునకు లీటరున్నర నీరైనను గుక్క గుక్కగా లోనికి పోవలెను. మేల్కొనియుండు 15 గంటలకు పంచినచో గంటకు 100 మిల్లీలీటర్లు. మాంసకృత్తులు దినమునకు 60 గ్రాములైనను అందవలెను. అవియు మొదటి వారములలో ద్రవరూపముననే. ఈ ఇరుకు ఇంటిలోనికి గ్లాసెడు కాఫీ వచ్చి కూర్చున్నచో ఆ గంటయు, ఆపై గంటలో సగమును దానివే. వైశాఖమాసమున రామగుండములోను, ఆదిలాబాదులోను ఎండ 45 డిగ్రీలు దాటుట మన మెరిగినదే. అట్టి దినములలో నీటి గంటలు రెండు పోయినను నాలుక పిడచగట్టును, మూత్రము పచ్చబడును, లేచి నిలిచినచో కన్నులు తిరుగును. వేసవిలో చికిత్స చేయించుకొని వచ్చినవారు దీనిని మరువరాదు.

కాఫీ శరీరములోని నీటినంతయు పిండివేయునని కొందరు బెదరింతురు. అది అతిశయోక్తి, అలవాటుపడినవారిలో ఆ గుణము స్వల్పమే. కాఫీ అసలు దోషము వేరు. అది కడుపులో ఆమ్లమును ఎక్కువగా ఊరించును. అన్నవాహిక క్రిందిద్వారమును సడలించును. స్లీవ్ పిమ్మట పులిత్రేనుపులు, గుండెమంట అసలే ఎక్కువ కావచ్చును. కెఫీను తీసివేసిన కాఫీయు ఆమ్లమును ఊరించునని తెలిసియుండుట మంచిది. కావుననే చాలమంది వైద్యులు మొదటి నెల కాఫీ వలదందురు. కొందరు పలుచని కాఫీని ఇంకను ముందే అనుమతింతురు. ఒకరి కడుపు మరొకరి కడుపు కాదు. ఎవరికి చికిత్స చేసిన వైద్యుని మాట వారికి ప్రమాణము.

వాంతులు మాత్రము రెండు మూడు దినములు విడువకున్నచో ఇంట కూర్చుండరాదు. బి1 విటమిన్ తరిగి నరములు దెబ్బతినును. బెరిబెరి అను వ్యాధికి మూలము ఈ లోపమే. నేడు హైదరాబాదులోనున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై ఏర్పడి, 1958లో మన రాజధానికి తరలివచ్చినది. నూరేండ్లనాటి ఆ వ్యాధి నేటి శస్త్రచికిత్స వెనుక పొంచియుండుట చిత్రమే.

ఆ సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో, భోజనమునకు గంట ముందును గంట వెనుకను కాఫీ, చాయ వలదనియు, కెఫీను దినమునకు 300 మిల్లీగ్రాములు మించరాదనియు ఉన్నది. డికాక్షను కాఫీ 150 మిల్లీలీటర్లలో 80 మొదలు 120 మిల్లీగ్రాములు, చాయలో 30 మొదలు 65 ఉండునట. ఈ గంట నియమము ఆరోగ్యవంతులకే చెప్పబడినది. చికిత్స జరిగినవారికి దీని విలువ ఇంకను హెచ్చు. ఇనుమును ముఖ్యముగా గ్రహించునది చిన్నప్రేగు మొదటిభాగము. బైపాస్‌లో ఆహారము ఆ భాగమును తాకనే తాకదు. అందుచేత మాత్రలద్వారా ఇనుము ఇత్తురు. కాఫీలోను, అంతకంటె చాయలోను ఉన్న వగరుపదార్థములు ఇనుమును పట్టివేసి ఒంటికి పట్టనీయవు. ప్రొద్దున చాయతో మాత్ర మింగువారు మాత్ర వెలను వ్యర్థము చేసికొనుచున్నట్లే. తెలంగాణ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. మన ఆడపడుచులు ఈ చికిత్సకు పోవునపుడే తక్కువ రక్తముతో పోవుచున్నారని దీనిని బట్టి అనుకొనవచ్చును.

చక్కెర, పాలు మరియొక చిక్కు. బైపాస్ అయినవారికి తీయని కాఫీ ప్రేగులోనికి ఒక్కసారిగా జారినచో చెమటలు, గుండెదడ, విరేచనములు కలుగవచ్చును. స్లీవ్ అయినవారికి ఇది తక్కువ. అందుచే వారికి వేరొక ఉచ్చు. నూరు మిల్లీలీటర్ల చిక్కని బర్రెపాలు, రెండు చెంచాల చక్కెర కలిసిన కప్పులో సుమారు 140 కెలోరీలుండును. ఐదు కప్పులకు 700. రొట్టె అయినచో చిన్నకడుపు చాలునని చెప్పును. కాఫీ నిలువక జారిపోవును గనుక కడుపు ఏమియు చెప్పదు. ఏడాదికో రెండేండ్లకో తగ్గిన బరువు మరల వచ్చినదని వాపోవువారిని వారి కప్పుల లెక్క అడిగి చూడవలెను.

మన ప్రాంతమున గడప ద్రొక్కినవానికి చాయ ఇయ్యకుండుట అమర్యాద, ఇచ్చినది త్రాగకుండుట అంతకంటె అమర్యాద. శస్త్రచికిత్స సంగతి పదిమందికి చెప్పుకొనుటకు సిగ్గుపడి, మాట పడలేక త్రాగినవారిని మేమెరుగుదుము. తిండి తగ్గించుకొనలేక కోయించుకొన్నదని ఆడిపోసికొనువారుండగా ఆ సిగ్గు వారి తప్పు కాదు. "నాకు గోరువెచ్చని నీళ్లియ్యండి" అన్నచో ఏ తల్లియు కాదనదు. చాయకు బదులు వెచ్చని నీళ్లగ్లాసు చేతబట్టుకొని కూర్చున్నను ముచ్చట సాగును.

మా ఉపాధ్యాయినిగారి తలనొప్పి ఆరవనాడు దిగినది. ఏడవవారమున వైద్యుని అనుమతితో కాఫీ మొదలుపెట్టిరి. పరగడుపున కాదు; ఉదయపు ఆహారము ముగిసిన గంటన్నరకు, వెన్నతీసిన పాలతో, చక్కెర లేక, సగము కప్పు. ఇనుము మాత్ర రాత్రికి మార్చుకొనిరి. మొన్న మేము పోయినపుడు మేనత్తగారే కొలిచి తెచ్చి, గోడగడియారము చూచి ఇచ్చిరి. గిన్నెలో మిగిలిన సగమును ఆమె చక్కెర కలుపుకొని తానే త్రాగిరి.