వార్డెన్ సంతకం చాలదు



క్లినికల్ ట్రయల్స్‌లో అల్పసంఖ్యాక జాతులను ఎలా చేర్చాలన్న చర్చ మన గడ్డ మీద ఖమ్మం నుంచే మొదలవ్వాలి. 2009లో అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించాయి. అందరూ 10 నుంచి 14 ఏళ్లవాళ్లు. ఎందరో గిరిజన బాలికలు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. టీకా మంచిదే, ఆ క్యాన్సర్ నుంచి కాపాడుతుంది కూడా. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క చూడండి: ఇక్కడి 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద ఉన్నవి వార్డెన్ల సంతకాలు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలు.

అది ప్రయోగం కాదు, ప్రదర్శన కార్యక్రమమేనని నిర్వాహకులు వాదించారు. స్థాయీ సంఘం ఒప్పుకోలేదు. పేరు ఏదైనా, బిడ్డకు సూది వేయించాలో వద్దో చెప్పవలసింది గూడెంలో ఉన్న తల్లి. అడిగి ఉంటే సరేననేదేమో, వద్దనేదేమో. ఆ మాట ఆమె నోటి నుంచి రాకుండానే పని జరిగిపోయింది. నాకు కోపం అందుకే.

అయితే దీని నుంచి కొందరు తీసుకున్న పాఠం నన్ను ఇంకా కలవరపెడుతోంది. గిరిజనుల జోలికి పోకుంటే గొడవే ఉండదంటున్నారు. గొడవ మనకు ఉండదు, నిజమే. జబ్బు మాత్రం వాళ్లకే ఉంటుంది. ఏజెన్సీలో వైవాక్స్ మలేరియానే తీసుకోండి. కాలేయంలో దాగి మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఆ క్రిమిని తుడిచెయ్యడానికి ప్రైమాక్విన్ ఇస్తాం. జీ6పీడీ ఎంజైము లోపించినవాళ్లకు ఆ మందే ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తుంది. ఆ లోపం మన దేశంలో అనేక గిరిజన తెగల్లో ఉంది. (ఆ ఎంజైము లోపించినవాళ్లకు ప్రైమాక్విన్ ముప్పన్న సంగతి లోకానికి తెలిసింది 1950లలో, ఇల్లినాయ్ జైల్లో నల్లజాతి ఖైదీల మీద చేసిన ప్రయోగాల వల్ల. ఆ రుణం వైద్యశాస్త్రం ఇంకా తీర్చుకోలేదు.) ఏ మోతాదు ఎవరికి క్షేమమో వాళ్లలో పరిశీలించకుండా ఎలా తెలుస్తుంది?

అమెరికా 1993లో చట్టం చేసి, జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగే ట్రయల్స్‌లో అల్పసంఖ్యాక జాతులను చేర్చి తీరాలంది. చట్టం ఒక్కటే చాలలేదు. కొలెస్ట్రాల్‌కు వాడే రోసువాస్టాటిన్ అక్కడ 2003లో అనుమతి పొందింది. ఆసియా సంతతివారి రక్తంలో ఆ మందు దాదాపు రెట్టింపు నిలుస్తుందని, వాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని లేబుల్ మీదికి ఎక్కింది 2005లో. అక్కడి మన తెలుగువాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు.

కాబట్టి చేర్చాల్సిందే. కానీ అడిగి చేర్చాలి. కోయ మాట్లాడే తల్లికి కోయలో చెప్పాలి, తెలుగు కాగితం చదివి వినిపిస్తే సరిపోదు. ఊరి పెద్ద ఒప్పుకున్నా ఆమె ఒప్పుకోలు విడిగా కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్పేదీ అదే. వద్దన్నంత మాత్రాన హాస్టల్ సీటు పోదనీ, ఆసుపత్రిలో వైద్యం ఆగదనీ ముందే చెప్పాలి. హాని జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారో, ప్రయోగం ఫలించాక ఆ మందు ఆ గూడేనికి అందుతుందో లేదో కూడా చెప్పాలి.

ఎథిక్స్ కమిటీల్లో ఉన్నవారు ఈ సభలో చాలామంది కనిపిస్తున్నారు. మీకు నా విన్నపం ఒక్కటే: గిరిజన ప్రాంతంలో జరిగే ఏ పరిశోధన మీ ముందుకు వచ్చినా, ఆ తెగకు చెందిన వ్యక్తి మీ పక్కన సభ్యుడిగానో సభ్యురాలిగానో కూర్చోనిదే దానికి అనుమతి ఇవ్వకండి.