స్కిల్ సరే.. రోజూ ఎలా వస్తావ్?

ఈ ఎపిసోడ్ హైదరాబాద్ పాతబస్తీ మీద. బిర్యానీ, ఇరానీ చాయ్, గాజుల బజారు గురించి ఇప్పటికే చాలా వీడియోలు ఉన్నాయి. నేను చెప్పేది అక్కడ ఇంటర్, డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న మన వయసు వాళ్ల గురించి.

ఈ టాపిక్ ఎత్తగానే ఒక మాట రెడీగా ఉంటుంది. "వాళ్లకి స్కిల్స్ లేవు బ్రో, ట్రైనింగ్ ఇస్తే చాలు." నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కొన్ని ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నా. టెక్నికల్ రౌండ్ అయ్యాక ఒక ప్రశ్న వచ్చేది: "ఎక్కడ ఉంటావ్? రోజూ ఎలా వస్తావ్?" అప్పటిదాకా టకటకా జవాబు చెప్పినవాళ్లు కూడా అక్కడ ఆగిపోయేవాళ్లు. నిజంగా వాళ్ల దగ్గర జవాబు లేదు. ట్రైనింగ్ వద్దని నేను అనట్లేదు. కానీ దారి చూపించకుండా ట్రైనింగ్ ఇస్తే చేతిలో సర్టిఫికెట్ మిగులుతుంది, అంతే.

ఒకసారి మ్యాప్ ఓపెన్ చేయండి. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అప్పటి నుంచి కొత్త ఆఫీసు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం నగరానికి పడమర వైపే వచ్చాయి. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ. చార్మినార్ నుంచి హైటెక్ సిటీకి సుమారు 20 కిలోమీటర్లు.

ఇప్పుడు మెట్రో చూద్దాం. 2017 నవంబర్‌లో మొదలైంది. 2019లో రాయదుర్గం దాకా వెళ్లింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైన్ వచ్చింది. అసలు ప్లాన్‌లో ఆ లైన్ ఫలక్‌నుమా దాకా ఉంది. కానీ మూసీ దాటకముందే ఆగిపోయింది. మిగిలిపోయింది సుమారు ఐదున్నర కిలోమీటర్లు. దానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. తర్వాత చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్లు చేశారు. 2017లో టెన్త్ చదువుతున్న ఫలక్‌నుమా కుర్రాడికి డిగ్రీ కూడా అయిపోయింది. లైన్ మాత్రం అవ్వలేదు. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది, నిజమే. కానీ మన షిఫ్ట్ టైముకి రైలు దొరకాలి, దిగాక ఆఫీసుకి మళ్లీ ఆటో దొరకాలి.

చిన్న లెక్క వేద్దాం. బస్సు మారి, నడిచి, ఒకవైపు గంటన్నర అనుకోండి. రోజుకు 3 గంటలు. నెలకు 25 రోజులంటే 75 గంటలు. అంటే 8 గంటల షిఫ్టులు తొమ్మిదికి పైగా, జీతం లేకుండా రోడ్డు మీద చేసినట్టు.

"జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఇంకా దూరం నుంచే వస్తున్నారు కదా?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో వచ్చిన అబ్బాయి కూకట్‌పల్లిలోనో గచ్చిబౌలిలోనో హాస్టల్ తీసుకుంటాడు. ఇంట్లోవాళ్లు మొదటి కొన్ని నెలలు అప్పో సొప్పో చేసి డబ్బు పంపిస్తారు. పాతబస్తీ అబ్బాయికి సొంత ఊళ్లోనే ఇల్లుంది. "ఇల్లు పెట్టుకుని హాస్టల్ ఎందుకురా?" అంటారు. పైగా మొదటి జీతం నుంచే ఇంటి ఖర్చుకు ఇవ్వాలి. అప్పుడు ఇంటి పక్కన మొబైల్ షాపులో తక్కువ జీతానికి చేరడమే తెలివైన పనిగా కనిపిస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లు దాన్ని "యాంబిషన్ లేదు" అంటారు. నాకైతే అది సింపుల్ లెక్క.

అమ్మాయిల సంగతి ఇంకోలా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి బస్సు ఫ్రీ. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. డబ్బు అడ్డం తొలగింది. కానీ టైము అడ్డం అలాగే ఉంది. సాయంత్రం ఏడింటికి షిఫ్ట్ దిగితే ఇంటికి ఎన్నింటికి వస్తావన్న ప్రశ్నకి ఫ్రీ టికెట్ జవాబు చెప్పదు.

విషయం ఏంటంటే, ఈ రెండూ కలిపి ఆలోచించడం మన నగరానికి కొత్త కాదు. పాత హైదరాబాదీలని అడగండి, సెట్విన్ బస్సు అంటే వెంటనే గుర్తుపడతారు. జంట నగరాల్లో ఉపాధి, శిక్షణ కోసం 1978లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. ఆఫీసు పురానీ హవేలీలో. యువతకి కోర్సులు నేర్పిన ఆ సంస్థే మినీ బస్సులు కూడా నడిపించింది. నాకు బాగా నచ్చిన పాయింట్ ఇదే. స్కిల్ ఒక శాఖ, బస్సు ఇంకో శాఖ అని విడదీసి చూడకపోవడం.

మరి ఇప్పుడు ఏం చేయొచ్చు? మెట్రో వచ్చేదాకా చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా నుంచి రాయదుర్గం వైపు షిఫ్ట్ టైముల్లో డైరెక్ట్ బస్సులు పెంచొచ్చు. వాటికి సొరంగాలు, భూసేకరణ అక్కర్లేదు. ఏ కోర్సు మొదలుపెట్టినా, అది నేర్చుకున్నవాళ్లు ఏ ఆఫీసుకి, ఏ బస్సులో వెళ్తారో ముందే రాసి పెట్టాలి.

కంపెనీల వైపు నుంచి అప్రెంటిస్‌షిప్ ఉంది. దీని గురించి చాలామందికి తెలియదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం, 2019లో మార్చిన రూల్స్ ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్ ఇవ్వాలి. అంటే నేర్చుకుంటూనే డబ్బు వస్తుంది. ఇంట్లో ఖర్చుకు ఇవ్వాల్సిన కుర్రాడికి ఫ్రీ కోర్సు కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

మీరు పాతబస్తీలో ఉంటే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి. ఏ ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్లినా రెండు ప్రశ్నలు అడగండి: పోయిన బ్యాచ్ వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు? అక్కడికి రోజూ ఎలా వెళ్తున్నారు? రెండోదానికి జవాబు రాకపోతే ఫీజు కట్టేముందు ఇంకోసారి ఆలోచించండి.

మీరు ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే, మీ టీమ్‌కి మనుషుల్ని తీసుకునేటప్పుడు "రోజూ ఎలా వస్తావ్?" అని అడగడం మానొద్దు. కాకపోతే ఆ ప్రశ్న క్యాండిడేట్‌ని తీసేయడానికి కాకుండా, క్యాబ్ రూటు ఎక్కడిదాకా వేయాలో తేల్చుకోవడానికి అడగండి.

మీ ఏరియా నుంచి మీ ఆఫీసుకి ఎంత టైము పడుతుందో, ఎన్ని బస్సులు మారాలో కామెంట్‌లో రాయండి.