నూటికి నలభై
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా తాతగారు మద్రాసులో ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన గిర్మిటు కూలీ. మేము మూడవ తరం. 1987లో అక్కడ సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత శాక్రమెంటో చేరాము. తోబుట్టువుల మధ్య ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు, అమ్మతో మాత్రం తెలుగు. చదవటం, రాయటం సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నాము. పండుగ సభలో జబ్బు మాటేమిటని కొందరికి తోచవచ్చు. ఇలాంటి జబ్బు వచ్చిన ఇళ్ళలో మనవాళ్ళు నోరు విప్పరు. అందుకే కార్యవర్గం వారు అడగగానే ఒప్పుకున్నాము.

మా పెద్దన్నయ్యకు 1979లో చెరకు లారీ బోల్తాపడి దెబ్బలు తగిలితే ఆపరేషను చేసి రక్తం ఎక్కించారు. హెపటైటిస్ సి ఆ రక్తంతోనే వచ్చి వుండవచ్చునని 2002లో ఇక్కడి డాక్టరుగారు అన్నారు. ఎవరినీ తప్పు పట్టటానికి లేదు. ఆ వైరసును ఈ కాలిఫోర్నియాలోనే, ఎమరీవిల్‌లోని కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్ బృందం గుర్తించినది 1989లో. అంతకుముందు దానికి సొంత పేరైనా లేదు, "ఎ కాదు, బి కాదు" అనేవారు. ఇరవై మూడేళ్ళు అన్నయ్యకు నొప్పి లేదు, కామెర్లు లేవు. తెలిసేసరికి కాలేయం గట్టిపడిపోయి వున్నది. కాలేయం చెడిందనగానే తాగుడే అని గుసగుసలు. అన్నయ్య సీసా ముట్టినవాడు కాడు. వదిన జబ్బుకన్నా ఆ గుసగుసలకే ఎక్కువ ఏడ్చింది.

2003లో వైద్యం మొదలైంది. వారానికొక ఇంటర్‌ఫెరాన్ సూది, రోజూ రిబావిరిన్ మాత్రలు, 48 వారాలు. అన్నయ్యకున్న రకం వైరసుకు నూటికి నలభై మందికి పైచిలుకు నయమవుతున్నదని, కాలేయం ఇంతగా గట్టిపడిన వారిలో అంతకంటె తక్కువని చెప్పారు. ఈ మాటను అమ్మకు తెలుగులో చెప్పే పని మాపై పడింది. బడిపంతుళ్ళం కనుక నలభై అంటే మాకు పాసు మార్కు. అక్కయ్యకు అరవై మంది కళ్ళముందు కనబడ్డారు. అమ్మ అంతా విని, "అయితే వాడు ఆ నలభైలో వున్నాడా, అరవైలో వున్నాడా?" అని అడిగింది. డాక్టరుగారి దగ్గర కూడా దానికి జవాబు లేదు. అది వంద మంది లెక్క, ఒక్కరి లెక్క కాదన్నారు.

అమ్మకు చదువు లేదు గాని చెరకు తెలుసు. "ముచ్చె పాతేటప్పుడు ఏది మొలిచేదో, ఏది కుళ్ళేదో పైకి తెలుస్తుందా? మూడు నాలుగు వారాలు పోతే కనబడుతుంది. ఎప్పుడు కనబడుతుందో అది అడగండి" అన్నది.

అప్పటినుంచి మేము "నయమవుతుందా" అనటం మాని "మళ్ళీ ఎప్పుడు తెలుస్తుంది" అని అడగసాగాము. దీనికి డాక్టరుగారి దగ్గర జవాబు వున్నది. 12వ వారానికి రక్తంలో వైరసు కనీసం వందవ వంతుకు దిగాలి, దిగకపోతే మందు ఆపటమే మేలు. తరువాత 24, ఆపైన 48. మందు మానిన ఆరు నెలలకు చేసేదే అసలు తీర్పు. వదిన కాలెండరు మీద ఆ తేదీలకు ఎర్రగుర్తు పెట్టి, మధ్య రోజులలో ఇంట్లో ఎవరూ లెక్కలు ఎత్తకూడదని కట్టడి చేసింది. ఆ రోజులకు వాటి పని వాటికి వున్నది: సూది వేసిన రాత్రి చలిజ్వరం, రక్తం తగ్గి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, అయినదానికీ కానిదానికీ కోపం. ఆ కోపం, దిగులు మందువల్లనే వస్తాయి. దాచుకోకుండా డాక్టరుకు చెప్పవలసిన సంగతి అది.

12వ వారానికి దిగింది. 48వ వారానికి అసలే కనబడలేదు. పాయసం వండుకున్నాము. ఆరు నెలలకు వైరసు తిరిగి వచ్చింది.

2009లో అమ్మ పోయేనాటికి అన్నయ్య పొట్టలో నీరు చేరుతున్నది. తరువాత కాలేయ మార్పిడి వరుసలో పేరు రాశారు. 2002 నుంచి అమెరికాలో పెద్దవారికి ఆ వరుసను మెల్డ్ అనే అంకెతో నిర్ణయిస్తున్నారు. రక్తపరీక్షలనుబట్టి 6 మొదలు 40 వరకు వుంటుంది. అంకె పెరిగినకొద్దీ దగ్గరలో ప్రాణాపాయం ఎక్కువ, వరుసలో చోటు ముందు. 2014లో అన్నయ్యది 17. కాలిఫోర్నియాలో ఆ రోజులలో తరచు ముప్పై దాటితేగాని కాలేయం దొరికేది కాదు.

సరిగ్గా అప్పుడే కొత్త మాత్రలు వచ్చాయి. 2013 డిసెంబరులో సోఫోస్బువిర్, 2014 అక్టోబరులో దానికి లెడిపాస్విర్ జోడించినది. సూది లేదు, 12 వారాలు చాలు. రిబావిరిన్ కూడా కలిపి ఇస్తే జబ్బు ముదిరినవారిలో సైతం నూటికి 85 మందికి పైగా వైరసు పోయింది. సోఫోస్బువిర్ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84,000. 2015లో హైదరాబాదు నాట్కో కంపెనీ అదే మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయలకు తెచ్చింది. ఈ రెండు ధరలు పక్కపక్కన పెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు భాగహారం లెక్క ఇచ్చాము. జవాబు తప్పేమోనని వాళ్ళు రెండుసార్లు చేసి చూసుకున్నారు.

మంచి మందు వచ్చాక కూడా చిక్కు తీరలేదు. వైరసు పోతే అంకె తగ్గవచ్చు, తగ్గితే వరుసలో వెనక్కు. అంకె తగ్గినంత మాత్రాన ఒంట్లో సత్తువ రావాలని లేదు. డాక్టర్లు ఇంగ్లీషులో దీనికొక పేరు పెట్టుకున్నారు. మన మాటలో త్రిశంకు స్వర్గం. అక్కయ్య కొత్త కాలేయం వచ్చేదాకా ఆగమన్నది. వదిన మందు ఇప్పుడే అన్నది. ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. అంకె ఇరవైలోపు వున్నవారికి ముందు మందే మేలని నిపుణులు తరువాతి సంవత్సరాలలో చెప్పారు గాని, ఆనాడు మా చేతిలో ఆ మాట లేదు. చివరకు అన్నయ్యే, "ముప్పై దాకా జబ్బు ముదరాలని దేవుడికి మొక్కుకోమంటారా?" అన్నాడు. 2015 జనవరిలో మాత్రలు మొదలుపెట్టాడు.

వైరసు పోయింది, మళ్ళీ రాలేదు. అంకె 17 నుంచి 12కు దిగింది. వరుసలో వెనక్కు పోయాడు, పొట్టలో నీరు మాత్రం మరో ఏడాదిన్నర వుండనే వున్నది. ఆ ఏడాదిన్నరలో గెలిచామో ఓడామో ఎవరూ చెప్పలేకపోయారు. తరువాత నెమ్మదిగా నీరు తగ్గింది, పేరు వరుసలోనుంచి తీసేశారు. గట్టిపడిన కాలేయానికి క్యాన్సరు భయం పూర్తిగా పోదు కనుక ఇప్పటికీ ఆరు నెలలకొకసారి స్కానింగుకు వెళ్తాడు. కాలెండరు మీద ఎర్రగుర్తు ఇంకా వదినే పెడుతుంది.

పద్ధెనిమిదేళ్ళు దాటిన ప్రతివారూ జీవితంలో ఒకసారైనా ఈ రక్తపరీక్ష చేయించుకోవాలని అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ 2020లో చెప్పింది. 1992కు ముందు రక్తం ఎక్కించుకున్నవారు, ఒకే సూదితో పదిమందికి వేసిన రోజులలో ఇంజెక్షన్లు చేయించుకున్నవారు మన ఇళ్ళలో వున్నారు. ఇప్పటి మాత్రలతో చాలామందికి ఎనిమిది, పన్నెండు వారాలలో నయమవుతున్నది. కాలేయం గట్టిపడకముందే తెలిస్తే మేము పడిన తర్జనభర్జనలు మీకు వుండవు.

అన్నయ్య ఈ సభకు వచ్చాడు, వెనుక వరుసలో వున్నాడు. ఇంకా అడగదలచినవారు భోజనాల దగ్గర అతనినే అడగండి. ఉప్పు లేని పప్పు తింటూ కనబడతాడు, మాట్లాడటం అతనికి ఇష్టం.